రెండు ఇనుముల మధ్య ఉప్పు

మా వదిన రోసెల్లా సుత్తి దెబ్బ తినని పాత లారీ సెయింట్ జాన్ లోయలో లేదు. ఆవిడ నోటి దెబ్బ తినని మగవాడూ లేడు. ఇప్పుడు ఆవిడ లేదు, ఆవిడను చావగొట్టినవాడూ లేడు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. వినలేనివాళ్ళు లేచి వెళ్ళొచ్చు.

మా అన్న గుండె ఆగి పోయినప్పుడు రోసెల్లాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆయన షెడ్డునూ, లారీ కింద నిలబడి పని చేసుకోవడానికి తవ్విన గోతినీ, రెండు పౌన్ల సుత్తినీ తనే తీసుకుంది. ఆడదానివి నీకిదేం పని అని చర్చిలో ఫాదర్ కూడా అన్నారు. మరి మీ కారు అడుగు ఎవరు చూస్తారు అని అడిగిందట. ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు. అప్పటి నుంచీ ఆడపడుచునైన నేను ఆవిడ దగ్గరే పని చేశాను. లైటు పట్టుకోవడం, నూనె కాచి పిచికారీలో పోయడం, తిట్లు తినడం నా వంతు.

మా దగ్గర నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరుగుతుంది, కాదనను. ఆ ఉప్పునీళ్ళను చక్రాలు పైకి చిమ్మితే అవి బురదతో కలిసి బండి అడుగున సందుసందునా కూర్చుని ఇనుమును తింటాయి. క్యాబిన్ ఆనే చోట, స్ప్రింగులు తగిలించే కొక్కేల దగ్గర, బ్రేకు గొట్టాల మీద, బండి బరువంతా మోసే ఛాసీ దూలాల పైఅంచున. తలుపుకు చిల్లు పడితే చలేస్తుంది, ఛాసీకి చిల్లు పడితే శవం లేస్తుంది అనేది వదిన.

అందుకే అక్టోబరులో, మొదటి ఉప్పు పడకముందే, పొడి రోజు చూసుకుని లారీలు మా షెడ్డు ముందు వరస కట్టేవి. అడుగంతా నూనె కొట్టించుకుని, అది ఆరకముందే మట్టిరోడ్డు మీద నాలుగు మైళ్ళు దౌడు తీయాలి. లేచిన దుమ్మంతా నూనెకు అతుక్కుని తోలు కట్టినట్టు అవుతుంది. చలికాలమంతా ఉప్పును ఆపేది ఆ తోలే. ఏప్రిల్లో అడుగు శుభ్రంగా కడిగి, నీళ్ళు కారిపోయే చిల్లులు మూసుకుపోకుండా పుల్ల పెట్టి పొడవాలి. ఇది మా లోయలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

అయితే నూనె కంటే ముందు సుత్తి. బండి గోతి మీదికి రాగానే వదిన కిందికి దిగి ఛాసీ దూలాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టుకుంటూ పోయేది. మంచి ఇనుము ఖంగుమంటుంది. కుళ్ళిన ఇనుము దబ్బుమంటుంది, దెబ్బ గట్టిదైతే సుత్తి లోపలికే పోతుంది. అలాంటి బండికి ఆవిడ నూనె కొట్టేది కాదు. శవానికి తలంటుతారా, పో, అని పంపేసేది.

ఒకసారి అవతలి ఊరి కలప వ్యాపారి ఒకడు తారు పూసిన లారీ తెచ్చాడు. నల్లగా నిగనిగలాడుతోంది. పైన పటారం, లోన లొటారం అన్నది వదిన. తారు బయటి ఉప్పును ఆపుతుందో లేదో గానీ, లోపల ఇదివరకే చేరిన ఉప్పును మాత్రం బయటికి పోనివ్వదు. ఆవిడ స్క్రూడ్రైవరు తీసి పొడిచింది. పిడి దాకా దిగిపోయింది. వ్యాపారికి ఒళ్ళు మండి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగేలోపే వాడి లారీకి రెండు హెడ్‌లైట్లూ లేవు. మూడోది నీ మూతి అన్నది. వాడు చీకటి పడకముందే ఇల్లు చేరాలని దౌడు తీశాడు. ఆ వారంలో మాకు పదకొండు బండ్లు ఎక్కువ వచ్చాయి.

అంత నమ్మకం ఆవిడ చెవి మీద. ఆ నమ్మకమే ఆవిడ నెత్తి మీదికి వచ్చింది.

పెల్కీ అన్నదమ్ములని ఇద్దరుండేవారు. పెద్దవాడు కామిల్, మెత్తని మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. చిన్నవాడు గిల్మన్, ముక్కు మీద కోపం. ఇద్దరికీ ఒకేలాంటి పాత రెండు టన్నుల లారీలు. బరువులు మోసి మోసి ఛాసీలు కుంగితే, గిల్మన్ ఒక మార్చి నెలలో తన కొట్టంలోనే రెండు లారీల దూలాల లోపలి వైపున ఇంకో ఇనుప దూలం చొప్పున పెట్టి బోల్టులతో బిగించాడు. ఇలా జోడు ఇనుము వేయడం మా దగ్గర మామూలే. ఆ ఏడు అక్టోబరులో కామిల్ బండి గోతి మీదికి వచ్చినప్పుడు, రెండు ఇనుముల మధ్య రంగు పూశారా అని వదిన అడిగింది. తమ్ముడు చేశాడు, పూసే ఉంటాడు అన్నాడు కామిల్. వదిన సుత్తి వేసింది. ఖంగుమంది. ఆరేళ్ళు, ఆరు అక్టోబర్లు, ప్రతిసారీ ఖంగుమంది.

ఎనభై అయిదు ఫిబ్రవరిలో కామిల్ కలప దుంగలు వేసుకుని నది వైపు ఏటవాలు దిగుతుంటే, క్యాబిన్ వెనక ఛాసీ రెండుగా విరిగింది. బండి నడుము కూలబడింది, దుంగలు ముందుకు దూకాయి. ఒక దుంగ వెనక అద్దంలోంచి వచ్చి ముందు అద్దంలోంచి పోయింది. మధ్యలో కామిల్ ఉన్నాడు. నేను చూశాను. తల ఉండాల్సిన చోట తల లేదు. స్టీరింగు పట్టుకున్న రెండు చేతులూ మాత్రం పట్టుకున్నట్టే ఉన్నాయి.

మా దగ్గర చలికాలంలో పోయినవాళ్ళను వెంటనే పాతిపెట్టలేం, నేల రాయిలా ఉంటుంది. పెట్టెను శ్మశానం పక్కన రాతిగదిలో ఉంచి, మే నెలలో నేల మెత్తబడ్డాక పూడుస్తాం. అంటే ఏడుపు రెండుసార్లు. ఆ మధ్య మూడు నెలలూ గిల్మన్ ఒకటే మాట నూరుకుంటూ కూర్చున్నాడు. రోసెల్లా సరిగ్గా చూడలేదు, ముసలిది సోమరితనంతో నాలుగు దెబ్బలు వేసి బాగుందని పంపేసింది, మా అన్నను చంపింది అని.

మే నెలలో పూడ్చే రోజున మేమూ వెళ్ళాం. పెట్టె గోతిలోకి దిగుతోంది. గిల్మన్ గోతి చుట్టూ తిరిగొచ్చి, అందరి ముందూ, ఫాదర్ ముందూ, మా వదిన చెంప మీద కొట్టాడు. కళ్ళజోడు ఎగిరి గోతిలో పడింది. రెండో చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి కోటు మీద రక్తం కారింది. ఆవిడ చెయ్యెత్తలేదు. హెడ్‌లైట్లు పగలగొట్టిన మనిషి, చెయ్యెత్తలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గానీ, ఆవిడ ఏనాడు మెత్తన గనక. నాకు వాణ్ణి అక్కడికక్కడ నరికేయాలనిపించింది.

మర్నాడు వదిన నన్ను పాత ఇనుము దుకాణానికి తీసుకెళ్ళింది. విరిగిన ఛాసీ అక్కడే పడి ఉంది. ఉలి పెట్టి, సుత్తితో కొట్టి, జోడు ఇనుములను విడదీసింది. మధ్యలో వేలు మందాన తుప్పు, ప్లోయ్ అట్ల దొంతరలా పొరలు పొరలుగా ఉంది. పొరల మధ్య తెల్లగా ఉప్పు. తుప్పు పట్టకుండా పూసే ఎర్రరంగు చుక్క కూడా లేదు. రంగు పూయకుండా, మార్చి నెల ఉప్పు తడి తుడవకుండా, పచ్చి ఇనుము మీద పచ్చి ఇనుము బిగించేశాడు గిల్మన్. బయట కొట్టిన నూనె ఆ సందులోకి పోదు. లోపల తుప్పు ఉబ్బి ఉబ్బి సందంతా బిర్రుగా నిండిపోవడంతో, సుత్తి వేస్తే రెండు ఇనుములూ కలిసి ఒకే గట్టి ఇనుములా పలికాయి. అదీ ఆరేళ్ళు ఆవిడ విన్న ఖంగు.

అదే మా అన్న, ఎర్రరంగు రెండు పూతలు పూసి, గ్రీజు పట్టించి జోడు ఇనుము బిగించిన పాల లారీ ఒకటి పంతొమ్మిదేళ్ళు తిరిగింది. విప్పితే లోపల మచ్చ లేదు. ఆ విషయం నాకూ తెలుసు, వదినకూ తెలుసు.

నేను ఎగిరి గంతేశాను. పద, ఊరందరికీ చూపిద్దాం, తప్పు వాడిది అన్నాను. వదిన ఆ తుప్పు పొరలనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి, వాడి బండి కూడా అదే వారం బిగించాడు కదే అన్నది. 

గిల్మన్ లారీ సెప్టెంబరులో ఏం చేస్తుందో లోయలో అందరికీ తెలుసు. బంగాళాదుంపల కోతకు బడులు మూడు వారాలు మూసేస్తారు. పదహారు మంది ఏరేవాళ్ళు, సగం ఆడవాళ్ళు, సగం బడిపిల్లలు, తెల్లవారుజామున వాడి బండి వెనక నిలబడి, కొండరోడ్డు దిగి పొలానికి పోతారు. పక్కనే దుంపలు నింపే పీపాలు కూడా ఉంటాయి.

ఆ వేసవంతా వదిన ఆ పదహారు ప్రాణాల కోసం తిరిగింది. గిల్మన్‌కు రెండు ఉత్తరాలు రాసింది, జోడు ఇనుము ఉబ్బిందేమో విప్పి చూడు, మనుషులను ఎక్కించకు అని. రెండూ పొయ్యిలో వేశాడు. తనిఖీ చీటీ ఇచ్చే గ్యారేజీవాడికి చెప్పింది. నేనూ సుత్తి వేశాను, ఖంగుమంది అన్నాడు వాడు. ఫాదర్‌కు చెప్పింది. ప్రార్థన చేద్దాం అన్నారాయన. ఏరే ఆడవాళ్ళ ఇళ్ళకు పోయి చెప్పింది. చెవిటిదాని చేతికి సుత్తి ఇచ్చారని వెనక నవ్వుకున్నారు. గిల్మన్ రంగు పూయలేదన్న మాట మాత్రం ఆవిడ ఒక్కరి దగ్గరా అనలేదు. నన్నూ అననివ్వలేదు. గిల్మన్ మాత్రం, నా గుమ్మంలో అడుగు పెడితే చెయ్యి విరిచి పంపుతానని కబురు పెట్టాడు.

కోత మొదటి రోజు తెల్లవారకముందే ఆవిడ నన్ను లేపింది. సుత్తి, ఉలి, మూరెడు తిన్నని ఇనుపబద్ద, లైటు. గిల్మన్ వాకిట్లో లారీ సిద్ధంగా ఉంది. ఏరేవాళ్ళు బుట్టలు పట్టుకుని చలికి వణుకుతూ నిలబడ్డారు. ఎవరితోనూ మాట్లాడకుండా వదిన వెల్లకిలా పడుకుని బండి కిందికి పాకింది. అరవయ్యేళ్ళ మనిషి.

గిల్మన్ కాఫీ గిన్నె చేతిలోనే పట్టుకుని వచ్చాడు. చూశాడు, గిన్నె పారేశాడు. ఆవిడ రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి ఈడ్చాడు. కంకర మీద ముఖం గీసుకుపోయింది. లేవబోతుంటే బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఆ చప్పుడు నేను విన్నాను, ఎండుకొమ్మ విరిగినట్టు.

"మా అన్నను మింగావు, చాల్లేదా ముసలిదానా?" అన్నాడు.

నేను ఊరుకుంటానా. దుంపల పీపా కర్ర ఒకటి తీసి వాడి వీపు మీద వేశాను. వాడు తిరిగి ఒక్క తోపు తోస్తే పోయి చక్రం మీద పడ్డాను, తల పగిలింది. ఆ సందులో వదిన మళ్ళీ కిందికి దూరింది. వాడు మళ్ళీ ఈడ్చాడు. ఈసారి ఆవిడ ఇరుసును చేత్తో చుట్టేసి పట్టుకుంది. వాడు లాగుతున్నాడు, తంతున్నాడు. ఆవిడ వదలదు. పిల్లలు ఏడుస్తున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు వాడి చొక్కా పట్టుకుంటే చొక్కా చిరిగి చేతికొచ్చింది. వదిన సుత్తి విసిరింది. అది వాడి మోకాలి చిప్పకు తగిలి వాడు కూలబడ్డాడు. ఇద్దరూ ఇప్పుడు నేల మీదే ఉన్నారు, ముఖాలు ఎదురెదురుగా.

వదిన నోట్లోంచి ఒక పన్ను ఊడి పడింది. ఉమ్మేసి, "ఒరే గిల్మన్, నన్ను చంపుదువుగానిలే. సుత్తి నీ దగ్గరే ఉంది. ముందు లోపలికొచ్చి చూడు. నాది అబద్ధమైతే ఇక్కడే నా తల మీద వెయ్యి" అన్నది.

వాడికి ఏమనిపించిందో, సుత్తి తీసుకుని కుంటుతూ కిందికి పాకాడు. చంపడానికే వచ్చాడేమోనని నేనూ లైటుతో దూరాను. వాడు ముందు ఛాసీని ఒక్కటి వేశాడు. ఖంగుమంది. వాకిలంతా వినబడింది.

"విన్నావా?" అన్నాడు, పళ్ళు బిగించి.

"విన్నాను. ఆరేళ్ళు ఇదే విన్నాను" అన్నది వదిన.

ఇనుపబద్దను దూలం పొడుగునా ఆనించింది. బోల్టుకూ బోల్టుకూ మధ్య దూలం ఉబ్బి ఉంది. బద్ద ఒక చోట ఆనితే రెండో చోట లేస్తోంది. చెవితో కాదు, దీన్ని కంటితో పట్టుకోవాలి. ఉలి జోడు ఇనుముల సందులో పెట్టి, కొట్టు అన్నది వాడితో. వాడు కొట్టాడు. రెండో దెబ్బకు ఉలి మొత్తం లోపలికి పోయింది. మూడో దెబ్బకు బయటి దూలం జానెడు పొడవున పగిలి, తుప్పు పెళ్ళలు పెళ్ళలుగా వాడి కళ్ళలో, నోట్లో రాలింది. వాడు తుడుచుకోలేదు. వేళ్ళు ఆ పగులులో పెట్టి చూశాడు. వేళ్ళు లోపలికి పోయాయి. పైన, బండి తొట్టి చెక్కల మీద, ఇంకో పది నిమిషాల్లో పదహారు మంది నిలబడాలి.

 వాడు వేళ్ళు బయటికి తీసి వదిన వైపు తిరిగాడు.

"అన్న బండి కూడా ఇంతేనా?"

"ఊఁ" అన్నది వదిన.

"నేను రంగు పూయలేదు. మార్చి. అన్నకు తొందరగా ఉంది, బండి కావాలన్నాడు. అలాగే బిగించేశాను." వేళ్ళకంటిన తుప్పును చూసుకున్నాడు. "పూసుంటే?"

నాకు నోటిదాకా వచ్చింది. పూసుంటే మీ అన్న ఇవాళ దుంపలు మోస్తూ ఉండేవాడురా, నువ్వే చంపావు, చంపి నా వదినను గోతి పక్కన కొట్టావు అని. నా మణికట్టును వదిన చెయ్యి పట్టుకుంది. రెండు పౌన్ల సుత్తి ఎత్తే చెయ్యి. ఎముకలు నలిగాయి.

"పూసినా ఇంతేరా" అన్నది ఆవిడ. "ఉప్పుకు రంగొక లెక్కా? జోడు ఇనుమని తెలిసీ నేను బద్ద వేసి చూడాల్సింది. చూడలేదు. తప్పు నాదే."

ఇరవై రెండేళ్ళు ఆవిడ పక్కన లైటు పట్టుకున్నాను. ఇనుము విషయంలో ఆవిడ అబద్ధం ఆడగా వినడం అదే మొదలు. బిషప్ వచ్చి అడిగినా ఆడని మనిషి.

వాడు వెనక్కి పాకి బయటికి పోయాడు. కొట్టంలోంచి పెద్ద సమ్మెట తెచ్చి తన లారీ మీద పడ్డాడు. అద్దాలు పగిలాయి, తలుపులు వంగాయి, చేతులు కోసుకుపోయి రక్తం కారుతున్నా ఆపలేదు. నడిచి పోండి పొలానికి అని ఏరేవాళ్ళ మీద అరిచాడు. వాళ్ళు బుట్టలు ఎత్తుకుని, పిల్లల చేతులు పట్టుకుని, కొండరోడ్డున నడిచి దిగారు. అప్పటికి మేం బయటికి వచ్చాం. వదిన డొక్క పట్టుకుని వంగిపోయి ఉంది. గిల్మన్ సమ్మెట దింపి ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"అయితే నువ్వే చంపావన్నమాట" అన్నాడు. గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంది, బతిమాలుతున్నట్టు.

"నేనే" అన్నది వదిన.

వాడు ఆవిడ ముఖం మీద ఉమ్మేసి లోపలికి పోయాడు.

దారిలో నేను కారు నడుపుతూ అరిచాను. ఏడుస్తూ అరిచాను. ఎందుకు నీకీ ఖర్మ, నిజం వాడి ముఖాన కొట్టాల్సింది, నీ పేరు నీకు తిరిగొచ్చేది కదా అని. పక్కటెముకలు మూడు విరిగిన మనిషి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా మూలుగుతోంది. నన్ను అరవనిచ్చింది. చివరికి, "కామిల్ పిల్లలు ముగ్గురున్నారే. వీడొక్కడే దిక్కు. నిజం తెలిస్తే వీడు ఇవాళ రాత్రికి తుపాకీ తీస్తాడు. నా మీద కోపం ఉంటే బతుకుతాడు, ఉండనీ" అన్నది.

 ఆసుపత్రికి పోనిచ్చాను.

ఆవిడే తప్పు ఒప్పుకుందన్న మాట లోయంతా పాకి, షెడ్డుకు బండ్లు తగ్గిపోయాయి. ఆ పదహారు మంది ఇళ్ళ నుంచి తప్ప ఇంకెవరూ వచ్చేవారు కాదు. ఆవిడా గిల్మనూ పోయేదాకా నేనూ నోరు మూసుకునే ఉన్నాను. గిల్మన్ డెబ్భై మూడేళ్ళు బతికాడు. కామిల్ పిల్లలు ముగ్గురినీ తన పిల్లలతో పాటు పెంచి, చదివించి, పెళ్ళిళ్ళు చేశాడు. చివరిదాకా మా వదిన పేరు వినబడితే నేల మీద ఉమ్మేవాడు.